కౌలు సంగతి రైతులు చెప్పకపోతే ఎలా అడగాలి?

ఒడిశాలోని గుణుపురం పక్క ఊళ్లలో ఎం.ఏ. కోసం సర్వే చేస్తున్నాను, "కౌలుకు చేస్తున్నారా?" అంటే అందరూ లేదంటున్నారు అని రాశారు. లేదనక ఏమంటారండీ? ఒడిశా భూసంస్కరణల చట్టం, 1960 ప్రకారం భూమి కౌలుకివ్వడం దాదాపు నిషేధం. వితంతువులు, మైనర్లు, సైన్యంలో ఉన్నవాళ్లు వంటి కొందరికే మినహాయింపు. అందుకే కౌలంతా నోటిమాట మీద నడుస్తుంది. పైగా గుణుపురం ఉన్న రాయగడ జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేక నియమాలున్న ప్రాంతం, అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 రెగ్యులేషన్ ఉంది. ఫారం పట్టుకుని ఎవరొచ్చినా టెన్షనే.

ఇంటిని వదిలి మడిని పట్టుకోండి. ఒక్క మడి చూపించి, దుక్కి ఎవరు దున్నించారు, విత్తనం ఎవరిది, యూరియాకి డబ్బు ఎవరు పెట్టారు, కళ్లంలో ధాన్యం ఎవరెవరు తీసుకెళ్లారు అని వరసగా అడగండి. గడ్డి ఎవరింటికి పోయిందో మాత్రం మరిచిపోకండి. బస్తాల లెక్క దాచేవాళ్లు కూడా గడ్డి దగ్గర నోరు విప్పుతారు. కౌలా, పంటలో సగం పాలా అన్నది ఆ జవాబుల్లోంచి మీరే తేల్చుకోవచ్చు.

నోట్‌బుక్‌లో పేర్లు, పట్టా నంబర్లు వద్దు, కోడ్ చాలు. సర్పంచిని వెంటేసుకుని తిరగకండి. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ అంతటివాడు 1948లో మైసూరు దగ్గరి రాంపుర అనే ఊళ్లో ఊరిపెద్ద దగ్గర దిగితే, ఊరిని పైకులాల వైపు నుంచే ఎక్కువ చూశారన్న విమర్శ వచ్చింది.

పాత ఫారాలు పారేయకండి. అదే ఇళ్లకు కోతల తర్వాత మళ్లీ వెళ్లి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టండి. ఆ తేడాతోనే మీ థీసిస్‌లో ఒక అధ్యాయం రాయొచ్చు.