టెస్టులన్నీ పాసయ్యాక టైమింగ్ ఊగుతుంటే

మీ కంపైలర్‌లో ఇన్‌లైనింగ్ (ఫంక్షన్‌ని పిలిచే చోటే దాని కోడ్‌ని పెట్టేయడం) పరిమితి పెంచాక టెస్టులన్నీ పాసయ్యాయి, బెంచ్‌మార్క్ మాత్రం ఒకసారి 3 శాతం స్లో, మరోసారి ఫాస్ట్ అంటోందని అడిగారు కదండీ.

ముందు గడియారాన్ని పక్కనపెట్టి, పెర్ఫ్ స్టాట్‌తో (సీపీయూ లెక్కలు చూపే లినక్స్ కమాండ్) ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు నడిచాయో చూడండి. ఆ అంకె రన్ రన్‌కీ పెద్దగా మారదు. అయితే దాన్నొక్కదాన్నే నమ్మకండి. ఇన్‌లైనింగ్‌లో ఇన్‌స్ట్రక్షన్లు తగ్గి కూడా స్లో కావచ్చు, కోడ్ ఉబ్బి ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ మిస్‌లు (కావాల్సిన కోడ్ సీపీయూలోని చిన్న వేగవంతమైన మెమరీలో దొరక్కపోవడం) పెరుగుతాయి. అవీ లెక్కపెట్టండి.

టైమ్ కొలిచేటప్పుడు టర్బో (సీపీయూ తనంతట తానే వేగం పెంచుకోవడం) ఆపి, ప్రోగ్రామ్‌ని ఒకే కోర్‌కి కట్టేసి, పాత బైనరీని, కొత్తదాన్ని మార్చి మార్చి 20 సార్లు నడపండి. పాతవన్నీ ముందు నడిపేస్తే సీపీయూ వేడెక్కిన పాపం కొత్తదాని నెత్తిన పడుతుంది. అప్పటికీ తేడా కనిపిస్తే హాట్ లూప్ (ఎక్కువ టైమ్ తినే లూప్) మెమరీ అడ్రస్ చూడండి. నేను ఒకసారి రెండు రోజులు తల పట్టుకున్నాను. తీరా చూస్తే ఆ లూప్ 32 బైట్ల హద్దు నుంచి 16 బైట్లు జరిగింది, అంతే! నా మార్పు ఆ ఫంక్షన్‌ని తాకనే లేదు.

ఇక బ్రేకేజీ, అంటే మీ మార్పు వల్ల వేరే ప్రోగ్రాములు చెడిపోయే సంగతి. కంపైలర్ సొంత టెస్టులు సరిపోవు. రస్ట్ భాష టీమ్ క్రేటర్ అనే టూల్‌తో వేల క్రేట్లను (రస్ట్ ప్యాకేజీలను) రెండు కంపైలర్లతో బిల్డ్ చేసి ఫలితాలు పోలుస్తుంది. మీరు పది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులతో అదే చేయండి. పాతదాంతో పాసై కొత్తదాంతో ఫెయిలైనవే చూడాలి. వాటిని యూబీశాన్‌తో (సీ, సీ++ కోడ్‌లో భాష నియమాలు దాటిన చోట్లను పట్టే టూల్) నడపండి, చాలాసార్లు తప్పు ప్రోగ్రామ్‌దే. అక్కడ ఏమీ దొరక్కపోతే సీ-రెడ్యూస్‌తో (తప్పు చూపించే కోడ్‌ని చిన్నది చేసే టూల్) కుదించి ఆ కోడ్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.