హై ప్రెషర్ పెట్టిన స్టార్చ్ మయోనీస్‌లో నూనెను పట్టి ఉంచుతుందా?

2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనీస్‌ను ఏడాదిపాటు నిషేధించినప్పటి నుంచి గుడ్డు లేకుండా చేస్తున్నామనీ, నాలుగు రోజులకే నూనె పైకి తేలుతోందనీ రాశారు. రసాయనాలు వాడకుండా, హై ప్రెషర్ పెట్టిన స్టార్చ్‌తో ఇది ఆగుతుందా అన్నది మీ ప్రశ్న. ఎంటెక్ ప్రాజెక్టులో నేను చేసింది ఇదే పని. సగం ఆగుతుంది.

స్టార్చ్‌ను నీళ్లలో కలిపి, సంచిలో గాలి లేకుండా సీల్ చేసి, 600 మెగాపాస్కల్స్ దగ్గర పావుగంట ఉంచేవాళ్లం. సముద్రంలో అత్యంత లోతైన చోట ఉండే ఒత్తిడికి ఇది ఐదు రెట్లకు పైనే. పొయ్యి మీద ఉడికితే రేణువు ఉబ్బి, పగిలి, గంజి అయిపోతుంది. ఒత్తిడిలో అలా కాదు. వేడి పెట్టకుండానే లోపలి స్ఫటిక నిర్మాణం కరుగుతుంది, రేణువు మాత్రం చాలావరకు ఆకారం పోగొట్టుకోదు. పలుకు మీదున్న మెతుకులా అన్నమాట. మొక్కజొన్న, బియ్యం స్టార్చ్ ఇలా మారాయి. బంగాళాదుంపది మాత్రం 600కి కూడా లొంగలేదు.

మొదటి బ్యాచ్‌లు మాకు పాడైపోయాయి. యంత్రం ఖాళీ అయ్యేదాకా సంచులు పక్కన పెట్టాం. ఈలోగా పిండి అడుగుకు చేరింది. తీసి చూస్తే కింద రాయిలాంటి గడ్డ, పైన తేట నీళ్లు. ఆ తర్వాత లోపల పెట్టే నిమిషం దాకా సంచిని తిప్పుతూనే ఉన్నాం.

ఆ స్టార్చ్‌తో చేసిన మయోనీస్ చిక్కగా, చాలా బాగా వచ్చింది. వారం తిరిగేసరికి నూనె మళ్లీ కనిపించింది. కారణం ఒక్కటే: ఒత్తిడి వల్ల స్టార్చ్‌కు నూనె మీద ఇష్టం పుట్టదు. నీళ్ల భాగం చిక్కబడి చుక్కలు పైకి రావడం ఆలస్యమవుతుంది, అంతే. చుక్క చుట్టూ పొరలా అంటుకోవాలంటే స్టార్చ్‌కు నూనెవైపు లాగే కొస ఉండాలి. ఆక్టెనైల్ సక్సినేట్ స్టార్చ్‌లో ఆ కొసను రసాయనికంగానే తగిలిస్తారు. అది ఆహారంలో అనుమతి ఉన్నదే, భయపడక్కర్లేదు.

హై ప్రెషర్ యంత్రం కోట్లలో ఉంటుంది, మీ స్థాయికి వద్దు. మిశ్రమాన్ని సన్నని సందులోంచి నెట్టే హోమోజినైజర్‌ది వేరే రకం ఒత్తిడి, అది నూనె చుక్కలను చిన్నవి చేస్తుంది. ముందు మీ స్టార్చ్ ప్యాకెట్ మీద దాని రకాన్ని చెప్పే నంబరు చూడండి. 1422, 1442 అయితే అవి చిక్కదనానికి మాత్రమే. మీకు కావాల్సింది 1450, అంటే పైన చెప్పిన ఆక్టెనైల్ సక్సినేట్ స్టార్చ్.