మేజర్ కాకముందే ఫోన్ చేయండి

ప్రశ్న: రోజూ తెనాలి నుంచి విజయవాడకు రైల్లో ఉద్యోగానికి వెళ్తుంటాను. ప్లాట్‌ఫారం మీద ఖాళీ నీళ్ల సీసాలు ఏరుకునే కుర్రాడు ఒకడున్నాడు. పదిహేడేళ్లట. పగలు నిద్ర, చేతిలో డబ్బులుంటే సినిమా. ఒక్కోసారి గుడ్డముక్క ముక్కు దగ్గర పెట్టుకుని ఏదో పీలుస్తుంటాడు. టిఫిన్ కొనిపెడుతుంటాను. ‘ఇంకో ఏడాదిలో మేజర్ అవుతాడు, నీకెందుకీ టెన్షన్’ అంటున్నారు తోటివాళ్లు. ఏం చేయమంటారు?
– ఒక సీజన్ టికెట్ ప్రయాణికుడు, తెనాలి

జవాబు: మేజర్ అవబోతున్నాడు కాబట్టే తొందరపడాలండీ. అటు చెన్నై, ఇటు హౌరా, పైన ఢిల్లీ లైన్లు కలిసే జంక్షన్ మన విజయవాడ. ఇల్లు వదిలిన పిల్లలు ఏ బండి ఎక్కినా ఇక్కడ తేలుతుంటారు. వీధి పిల్లల కోసం పనిచేసే నవజీవన్ బాల భవన్ లాంటి సంస్థ 1989లోనే ఈ ఊళ్లో మొదలైందంటే ఊరికే కాదు. నేనూ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇలాంటి పిల్లల మధ్యే తిరిగాను. ‘అక్కా, పోలీసోళ్లకి చెప్పవుగా’ అన్నదే వాళ్ల మొదటి మాట.

ముందు ఆ సినిమా సంగతి. వాడికి సోకు ఎక్కువై వెళ్తున్నాడనుకోకండి. రాత్రి నిద్రలో జేబు ఖాళీ చేసే పెద్దవాళ్లుంటారు. మిగిలితే పోతుందని సాయంత్రానికే ఖర్చుపెట్టేస్తారు. సెకండ్ షోకి వెళ్తే కాసేపైనా ఎవరూ చెయ్యి వేయని చోటు దొరుకుతుంది. రాత్రి కళ్లు మూస్తే ఏమవుతుందో తెలిసినవాడు పగలే పడుకుంటాడు. పీల్చేది వైట్‌నరో, పంక్చర్లకు వాడే సొల్యూషనో అయ్యుంటుంది. అది పీలిస్తే ఆకలి, చలి తెలియవు. లాక్కుని తిట్టకండి, మర్నాటి నుంచి మీ కంటపడడు. అమ్మేవాడి మీద కోపం చూపించండి. పిల్లలకు మత్తు పదార్థం ఇస్తే ఏడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి.

ఇక వయసు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 నిండేదాకా వాడు పిల్లాడే. ఇప్పుడు బాలల హోమ్‌లో చేరితే, 18 నిండి బయటికొచ్చాక కూడా 21 ఏళ్ల దాకా వసతి, పని నేర్పించడం లాంటి ఆసరా అడగవచ్చు. దాన్ని ఆఫ్టర్ కేర్ అంటారు. ప్లాట్‌ఫారం మీదే 18 నిండినవాడికి ఆ దారి లేదు, మున్సిపాలిటీ నడిపే నిరాశ్రయుల షెల్టరే గతి. తాగుబోతులు, ముసలివాళ్లు, రోగిష్ఠుల మధ్య కుర్రాడు ఎన్నాళ్లు ఉంటాడు చెప్పండి?

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. రాత్రైనా పగలైనా పలుకుతారు. ఏ ప్లాట్‌ఫారం, ఏ వేళకు ఉంటాడు, ఒంటి మీద దెబ్బలున్నాయా, ఇవి చెబితే చాలు. స్టేషన్‌లో చైల్డ్ హెల్ప్ డెస్క్ ఉంటే నేరుగా అక్కడ చెప్పినా సరే. వాళ్లు వాణ్ణి 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఎక్కడ ఉంచాలో తేల్చేది ఆ కమిటీయే. ఇంటికి పంపేస్తారని వాడి భయం. ఇంట్లో కొట్టేవాడుంటే ఆ మాట కమిటీతో వాడే చెప్పుకోవచ్చు, ఇంటి పరిస్థితి విచారించకుండా పంపకూడదు. ఈ సంగతి టిఫిన్ తినేటప్పుడు నిదానంగా చెప్పండి. ‘ఇల్లెందుకు వదిలావురా’ అని మాత్రం మొదలుపెట్టకండి. అది ఎవరు అడిగినా చెప్పడానికి వాళ్ల దగ్గర ఒక కథ సిద్ధంగా ఉంటుంది. వాడికి తెలియకుండా ఫోన్ చేసేయవద్దని కూడా నా సలహా. పారిపోతే పోతాడేమో గానీ, మోసం చేశారనుకుంటే ఇంకెవరినీ దగ్గరికి రానివ్వడు. అదే పదేళ్ల పిల్లాడైతే ఈ మంతనాలేవీ వద్దు, చూసిన నిమిషమే చేయాలి.

ఒక్కటి, టిఫిన్ పెడుతూ ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టకండి. అలాంటి పిల్లల్ని గుర్తుపట్టేలా ఫొటో వేస్తే ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ పడవచ్చు.