ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేస్తున్నారా? ఆధారాలు ఇప్పుడే దాచుకోండి

ఇక్కడ ఇంగ్లండులో ఒక పాత బడి భవనంలో పైకప్పు పలకలు ఊడదీసే పనికి వెళ్తున్న మహబూబ్‌నగర్ తమ్ముడొకరు, రేపు ఊపిరితిత్తుల జబ్బు వస్తే పరిహారం దొరుకుతుందా అని అడిగారు. నల్లగొండ నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇంగ్లండులో ఉంటున్న నాకు ఈ ప్రశ్న విని భయమేసింది.

మనం ఆస్బెస్టాస్ అనే నార లాంటి ఖనిజం కలిపి చేసిన సిమెంటు రేకుల కింద పెరిగినవాళ్లం. మా కొట్టానికి రేకులు వేసిన రోజు, మేస్త్రీ రంపంతో కోస్తుంటే రాలిన బూడిదరంగు పొడిని అమ్మ చీపురుతో ఊడ్చి చాటకెత్తడం నాకింకా గుర్తుంది. అందుకే మనవాళ్లు ఇక్కడ కూడా దాన్ని మామూలు దుమ్ముగానే చూస్తారు. బ్రిటన్‌లో 1999లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించినా, 2000కు ముందు కట్టిన భవనాల్లో అది ఇంకా ఉండవచ్చు. పలక మీద చెయ్యి వేసేముందే ఆ భవనం ఆస్బెస్టాస్ సర్వే, అంటే అది ఎక్కడెక్కడ ఉందో తెలిపే నివేదిక, చూపించమని అడగండి.

దుమ్ము పీల్చినంత మాత్రాన పరిహారం రాదు, జబ్బు తేలాలి. మెసోథీలియోమా వంటి క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అయితే ఇంగ్లండు, వేల్స్‌లో దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువును, పనిచేసిన రోజు నుంచి కాక, జబ్బు ఆ పని వల్లే వచ్చిందని తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారు. కంపెనీ మూతపడినా, దాని అప్పటి బీమా సంస్థను ఎంప్లాయర్స్ లయబిలిటీ ట్రేసింగ్ ఆఫీసు ద్వారా వెతికించవచ్చు. కంపెనీ, బీమా సంస్థ రెండూ దొరకని మెసోథీలియోమా రోగులకు 2014లో మొదలైన ప్రత్యేక పథకం ఉంది. పని వల్ల జబ్బుపడ్డవారికి ప్రభుత్వమిచ్చే భత్యం, ఇండస్ట్రియల్ ఇంజురీస్ డిసేబుల్‌మెంట్ బెనిఫిట్ మాత్రం ఉద్యోగులకే గాని సొంతంగా పనిచేసేవారికి వర్తించదు కనుక, మిమ్మల్ని సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గా రాసుకునే కాంట్రాక్టరు దగ్గర సంతకం పెట్టేముందు బాగా ఆలోచించండి.

ఇన్నేళ్ల తర్వాత దావా నిలిచేది ఆధారాల మీదే. మీరు ఏ కంపెనీలో పనిచేశారో పన్నుల శాఖ రికార్డులు చెబుతాయి గాని, ఏ భవనంలో, ఏ అంతస్తులో, ఎవరి పక్కన నిలబడి పలకలు పగలగొట్టారో చెప్పవు. అది మీరే తేదీలతో సహా నోటుబుక్కులో రాసుకోవాలి. పే స్లిప్పులు పారేయకండి, డాక్టరుకు చెప్పి మీ ఫైలులోనూ ఈ సంగతి రాయించండి.

తమ్ముడూ, మీ నాన్నగారు మన దేశంలో ఆస్బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో చేశారని కూడా రాశారు. అటువంటి కార్మికుల ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం యాజమాన్యం భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. దాని నకలు కావాలని యాజమాన్యానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టమని ఈ వారమే ఆయనకు ఫోను చేసి చెప్పండి.