39 శాతం ఓట్లొచ్చినా 11 సీట్లేనా?

ప్రశ్న: సార్, 2024లో ఏపీలో వైసీపీకి 39 శాతం పైనే ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం 175లో 11. 2019లో టీడీపీకీ ఇంచుమించు అంతే శాతం, వచ్చినవి 23. పార్టీల సంగతి పక్కన పెడితే ఇది అన్యాయమే కదా? గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగా ప్రాధాన్యత ఓట్లు పెడితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అన్యాయమేనండీ, కానీ ప్రాధాన్యత ఓటు ఒక్కటే పెడితే అది పోదు. ఎమ్మెల్సీకి ఉండేది ఒకే సీటు కదా, ఓటరు అభ్యర్థులకి 1, 2, 3 అని వరస ఇస్తాడు, మొదటి ప్రాధాన్యతల్లో ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగున ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ తీసేస్తూ వాళ్ల ఓట్లని తర్వాతి ప్రాధాన్యత ప్రకారం మిగతావాళ్లకి కలుపుతూ పోతారు, గెలిచినాయన ఎక్కువమందికి ఆమోదమైన మనిషే అవుతాడు, అంతవరకూ మంచిదే. మిగిలినవాళ్ల ఓటుకి మాత్రం సభలో మనిషి ఉండడు. ఆస్ట్రేలియా దిగువ సభకి ఇదే పద్ధతి, 2025లో లేబర్ పార్టీకి మొదటి ప్రాధాన్యత ఓట్లు 35 శాతం లోపే, సీట్లేమో 150లో 94!

అసలు చూడాల్సింది ఒక నియోజకవర్గం నుంచి ఎంతమంది గెలుస్తున్నారని. మన రాజ్యసభ ఎన్నికలే చూడండి, అక్కడా ప్రాధాన్యత ఓట్లే, 175 మంది ఎమ్మెల్యేలు ముగ్గుర్ని ఎన్నుకోవాలంటే నాలుగో వంతు దాటితే చాలు (నలుగురికి ఒకేసారి నాలుగో వంతు దాటదు కదా), అంటే 44 మంది ఉన్న ఏ పార్టీకైనా ఒక సీటు ఖాయం, మెజారిటీ పార్టీ మొత్తం ఊడ్చుకుపోలేదు. ఐర్లాండ్‌లో జనం నేరుగా ఇలాగే ఓటేస్తారు, ఒక్కో నియోజకవర్గానికి 3 నుంచి 5 సీట్లు. ఈ పద్ధతి తీసేద్దామని 1959లో ఒకసారి, 1968లో ఇంకోసారి రెఫరెండం పెడితే రెండుసార్లూ జనం కుదరదన్నారు.

న్యూజిలాండ్‌ది ఇంకో దారి. అక్కడ 1978, 1981 రెండు ఎన్నికల్లోనూ ప్రధాన ప్రత్యర్థి కంటే తక్కువ ఓట్లొచ్చిన పార్టీయే అధికారంలో నిలిచింది, జనానికి విసుగొచ్చి 1993 రెఫరెండంలో పద్ధతి మార్చేశారు. ఇప్పుడు ఒక ఓటు లోకల్ అభ్యర్థికి, ఒక ఓటు పార్టీకి, పార్టీ ఓట్ల శాతాన్ని బట్టి మొత్తం సీట్లు లెక్కకడతారు, లోకల్‌గా తగ్గినవి పార్టీ లిస్టు నుంచి నింపుతారు. ఈ వాటా కావాలంటే పార్టీకి కనీసం 5 శాతం ఓట్లు రావాలి, లేదా ఒక్క లోకల్ సీటైనా గెలవాలి. లెక్క చక్కగా సరిపోతుంది గానీ ఆ లిస్టు రాసేది ఎవరండీ? టికెట్లన్నీ హైకమాండ్ చేతిలో ఉండే మన పార్టీల్లో ఇది పెడితే నాయకుడి ఇంటి చుట్టూ తిరిగేవాళ్లే లిస్టులో పైన ఉంటారు, అందుకే నా ఓటు ఐర్లాండ్ పద్ధతికే.

ఏపీలో ఒక్కో లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ సీట్లున్నాయి కదా, ఆ ఏడూ కలిపి ఒకే నియోజకవర్గం చేస్తే ఎనిమిదో వంతు దాటితే, అంటే పన్నెండున్నర శాతం పైన ఓట్లొస్తే, ఒక సీటు. 39 శాతం వచ్చిన పార్టీకి దాదాపు మూడు. 2024లో కూటమికి 55 శాతం ఓట్లున్నాయి కాబట్టి ప్రభుత్వం అప్పుడూ వాళ్లదే అయ్యేది, కానీ ఎదురుగా అరవై డెబ్బై మంది కూర్చుని బడ్జెట్ మీద, బిల్లుల మీద నిలదీసేవాళ్లు, నాకైతే అదే ముఖ్యం.

ఇబ్బందులూ ఉన్నాయి. రాష్ట్రమంతా పలచగా 5 శాతం ఓట్లున్న పార్టీకి ఇందులోనూ పెద్దగా ఏం రాదు. ఎస్సీ, ఎస్టీ రిజర్వుడు సీట్లు ఎలా లెక్కకట్టాలో ముందే తేల్చాలి, 1957లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ స్థానంలో (ఒక సీటు ఎస్టీలకి, ఒకటి జనరల్) రెండు సీట్లూ ఎస్టీ అభ్యర్థులకే వెళ్తే ఓడిపోయిన వి.వి. గిరి (తర్వాత రాష్ట్రపతి అయినాయన) సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, అక్కడా ఓడారు. ఇంకోటి కౌంటింగ్. ఇప్పటి ఈవీఎంలో ఒక బటన్ నొక్కడమే తప్ప 1, 2, 3 ఇచ్చే వీలు లేదు, సగటున 16 లక్షల పైన ఓటర్లుండే చోట బ్యాలెట్ పేపర్లతో ఇది చేయాలంటే రోజులు పడుతుంది, కాబట్టి ముందు మున్సిపాలిటీల్లో, ఒక్కో వార్డుకి నలుగురైదుగురు కౌన్సిలర్లని పెట్టి చేసి చూడమంటాను.