అశోక చక్రంలో 24 ఆకులూ విడివిడిగా గీయక్కర్లేదు

ఆగస్టు 15 బ్యానర్ కోసం ఇలస్ట్రేటర్‌లో (కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) అశోక చక్రం గీయడానికి గంట పైనే పట్టిందనీ, అయినా ఆకుల (చక్రం చువ్వల) మధ్య ఎడం సమానంగా రాలేదనీ ఒకరు నాకు రాశారు. ప్రింటింగ్ షాపులో చేరిన కొత్తలో నేనూ అలాగే చేసేవాణ్ణి. ఒక ఆకు గీసి, కాపీలు తీసి, కంటి అంచనాతో తిప్పి పెట్టేవాణ్ణి. ఒక స్కూలు బ్యానర్ అలాగే ప్రింట్‌కి వెళ్ళిపోయింది. కట్టాక డ్రిల్ మాస్టారు లెక్కపెడితే 23 ఆకులే ఉన్నాయి. జెండా పండుగ ముందు అలా జరిగినందుకు చాలా బాధపడ్డాను. రాత్రికి రాత్రే మళ్ళీ ప్రింట్ తీసి ఇచ్చాం.

ముందు ఆకు సంగతి. దీనికి పెన్ టూల్ అవసరం లేదు. ఎలిప్స్ టూల్‌తో సన్నగా, నిలువుగా ఒక కోడిగుడ్డు ఆకారం గీయండి. షిఫ్ట్, సి నొక్కి పైనా కిందా ఉన్న పాయింట్ల మీద ఒక్కో క్లిక్ ఇస్తే కొనలు తేలతాయి.

ఇప్పుడు చక్రం లోపలి అంచు ఎంత ఉండాలో అంత వృత్తం గీసి, దానికి ఫిల్ (లోపలి రంగు), స్ట్రోక్ (అంచు గీత) రెండూ తీసేయండి. ఆకును ఆ వృత్తం పై సగంలో, మధ్య నుంచి అంచు వరకు నిలబెట్టి, రెండింటినీ గ్రూప్ చేయండి. గ్రూప్ చేయడం మర్చిపోతే ఆకు చక్రం మధ్య చుట్టూ తిరగదు, ఉన్నచోటే తిరుగుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తర్వాత ఎఫెక్ట్ మెనూలో డిస్టార్ట్ అండ్ ట్రాన్స్‌ఫార్మ్, అందులో ట్రాన్స్‌ఫార్మ్ తెరిచి, యాంగిల్ 15, కాపీస్ 23 ఇవ్వండి. 360ని 24తో భాగిస్తే 15 కదా. మొదటి ఆకుతో కలిపి సరిగ్గా 24 వస్తాయి. కనిపించని ఆ వృత్తమే మొత్తానికి కేంద్రాన్ని పట్టి ఉంచుతుంది.

చివరిగా చేసిన మార్పును మళ్ళీ చేసే కంట్రోల్, డి పదే పదే నొక్కి కూడా ఇదే చేయొచ్చు. కానీ నాకు ఈ ఎఫెక్టే ఇష్టం. ఆకు లావైందనిపిస్తే గ్రూప్ మీద డబుల్ క్లిక్ చేసి ఆ ఒక్కదాన్నీ సన్నం చేస్తే చాలు, 24 ఆకులూ మారిపోతాయి. అధికారిక బొమ్మ పక్కన పెట్టుకుని సరిచూసుకోవడానికి ఇంతకంటే సుఖమైన దారి నాకు దొరకలేదు.

ఆకుల మధ్య అంచుకి ఉండే చిన్న చుక్కలకూ ఇదే పద్ధతి. అలాంటి వృత్తంతోనే ఒక చుక్కను గ్రూప్ చేసి, అదే ఎఫెక్ట్ ఇచ్చి, ఆ గ్రూపును 7.5 డిగ్రీలు తిప్పండి. చుక్కలు సరిగ్గా ఆకుల నడిమికి వస్తాయి.

ఇలస్ట్రేటర్ బదులు ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు, అసలుతో ముడిపడిన కాపీలు తీసే టైల్డ్ క్లోన్స్ ఉంది. అందులోనూ అసలు ఆకును మారిస్తే మిగతావన్నీ మారతాయి.

ఫైల్ వేరే షాపుకి పంపేముందు ఆబ్జెక్ట్ మెనూలో ఎక్స్‌పాండ్ అపియరెన్స్ ఇచ్చి, ఎఫెక్ట్‌ను మామూలు ఆకారాలుగా మార్చి పంపండి. ఎఫెక్ట్ ఉన్న ఒరిజినల్ మాత్రం మీ దగ్గర విడిగా దాచుకోండి, జనవరి 26కి మళ్ళీ కావాలి.