వాన లేని ఏడు మట్టి ఎటు పోయింది?

ప్రశ్న: అయ్యా, మాది అరకు దాపున కొండవాలు చేను. నాగలి ఎక్కదు, పారతోనే తవ్వి చోడి (రాగి), సామ వేస్తాం. నిరుడు వానలు అంతంతమాత్రమే. అయినా మెరకన రాళ్లు తేలి చోడి గిడసబారింది. కింది గట్టు దగ్గర మాత్రం ఏపుగా పెరిగి ఒరిగిపోయింది. వరద లేకుండా మట్టి ఎలా పోయింది?
– ఒక రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: తమ్ముడూ, మట్టిని దించింది మీ పారే. తవ్వేటప్పుడు ఎటు తిరిగి నిలబడతారో చూసుకోండి. కింది గట్టున మొదలుపెట్టి, మొహం కొండవైపు పెట్టి, పైకి ఎక్కుతూ తవ్వుతారు. నడుం తక్కువ వంగుతుంది కదా, ఎవరైనా అలాగే తవ్వుతారు. కానీ పార వేసి లాగిన ప్రతిసారీ పెళ్ల మీ కాళ్ల దగ్గరికి, అంటే పల్లానికి వస్తుంది. నిట్టవాలైతే అక్కడా ఆగదు, ఇంకాస్త దొర్లుతుంది. ఏటా ఇదే వరస. మెరకకు పైనుంచి వచ్చి చేరే మన్ను లేదు, అందుకే అడుగునేల ముందు అక్కడే బయటపడింది.

వాన మెత్తటి మన్ను ఏరి గెడ్డలో (వాగులో) కలుపుతుంది. పార ఏదీ ఏరదు, రాయీ మన్నూ కలిపి దించుతుంది. కాకపోతే చేను దాటించదు. మీ మట్టి చాలావరకు ఆ చోడి ఒరిగిన చోటే ఉంది.

నమ్మకం కుదరకపోతే గులకరాళ్లకు సున్నం పూసి, చేనుకు అడ్డంగా ఒకే వరుసలో, పార దిగేంత లోతున పాతండి. రెండు కొసలా మేకులు కొట్టి తాడు లాగండి. తవ్వాక రాళ్లు తాడుకి ఎంత కిందికి జారాయో జానలతో కొలవచ్చు.

ఇకమీదట వాలుకు అడ్డంగా, పక్కకు తిరిగి తవ్వండి. మట్టిని పైకి విసరమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వాళ్లని ఒక్కపూట విసరమనండి! కలుపుకి లోతు తవ్వకం అక్కర్లేదు, పైపైన గీకితే చాలు. చైనాలో సిచువాన్ కొండరైతులు కింద చేరిన మట్టిని బుట్టలతో పైకి మోసేవారు. ఎకరంలో అంగుళం మందం మన్ను దాదాపు 130 టన్నులు తూగుతుంది కనుక, మీరు రాళ్లు తేలిన మేరకే మోయండి.

వాలుకు అడ్డంగా వట్టివేరు వరుసలు నాటితే మట్టి వాటి ఎగువన ఆగి, మెల్లగా గట్టు లేస్తుంది. అయితే వరుసను ఆనుకుని దిగువ పక్క నేల పలచబడుతుంది. పైమట్టిని వరుస ఆపేస్తుంది, పార మాత్రం అక్కడిది దించుతూనే ఉంటుంది. పెంటఎరువు ముందు ఆ పట్టీకే వేయండి.